హిమగర్భం, ముప్పై ఒకటో భాగం

ఏప్రిల్ 9

హైదరాబాద్ నుంచి జగదీశ్వర్ గారు ఫోన్ చేశారు. ‘హిమగర్భం’ నవల నన్నే రాయమన్నారు. సాయంత్రం ఏడున్నరకు టీవీలో వచ్చే సీరియలే. ఛానెల్‌తో వాళ్ల ప్రచురణ సంస్థకు ఒప్పందం అయిందట. కథ వాళ్లది, పాత్రలు వాళ్లవి, వాక్యాలు మాత్రం నావి.

“మీ కథలు చదివాను సుమయ్యా గారూ. పైగా మీది గోదావరిఖని. భూమి కింద మనుషులు ఎలా పనిచేస్తారో మీకు ఒకరు చెప్పక్కర్లేదు” అన్నారు.

నేను పుట్టి ముప్పై మూడేళ్లు. ఒక్కసారి కూడా బొగ్గు బాయిలోకి దిగలేదు. ఆ మాట ఆయనతో అనలేదు.

ఏప్రిల్ 13

నలభై భాగాల స్క్రిప్టులూ వచ్చాయి. ఎక్కడో దూరపు గ్రహానికి ఒక చందమామ. దాని లోపల మంచు తవ్వి నీళ్లు తీసే పదకొండు మంది. కెప్టెన్ ఇరావతి. నీళ్ల యంత్రం చూసుకునే మిత్రన్. గోడలు థర్మోకోల్‌వని తెలిసిపోతూనే ఉంటుంది. అయినా మా బడి పిల్లలందరూ చూస్తారు. అబ్బా కూడా చూస్తాడు, ప్రతి రోజూ, కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుని.

“గా టోపీకి బెల్టేది? వంగితే ఊడి పడ్తది” అన్నాడు ఇవాళ.

మా ఇంట్లో మాట్లాడేది దక్కనీయే. కానీ బాయి సంగతి వస్తే అబ్బా తెలుగులోకి మారిపోతాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఆ పని తెలుగులోనే చేశాడు మరి. ఇరావతి బృందం కూడా ఆయన లెక్కలో బాయివాళ్లే.

ఏప్రిల్ 24

బడికి సెలవులిచ్చారు. ఎండకు గల్లీలో కుక్క కూడా లేదు. ఆరు అధ్యాయాలయ్యాయి. తొందరగానే రాస్తున్నాను. మంచు గురించి రాస్తుంటే చల్లగా ఉంటుందనుకున్నాను, ఏమీ లేదు.

ఏప్రిల్ 29

ఇవాళ ముప్పై ఒకటో భాగం వచ్చింది. నాలుగో సొరంగంలో మంటలు లేస్తాయి. మిత్రన్ లోపల చిక్కుకుంటాడు. తలుపు మూస్తే తప్ప మిగతా పది మంది బతకరు. ఇరావతి చెయ్యి మీట మీద ఆగిపోతుంది. అప్పుడు రేడియోలో మిత్రన్ నవ్వుతాడు. “తలుపు మూసెయ్యండి కెప్టెన్. ఇది నా ఆజ్ఞ” అంటాడు. ఇరావతి ఏడుస్తూ మూసేస్తుంది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చూస్తే అబ్బా లేచి నిలబడి ఉన్నాడు. రిమోట్ కోసం వెతకలేదు, నేరుగా వెళ్లి స్విచ్చి ఆపేశాడు.

“గట్ల ఎవ్వడు చెప్పడు” అన్నాడు, తెలుగులో.

వెళ్లి వంటింట్లో నిలబడ్డాడు. నీళ్లు తాగడానికనుకున్నాను. గ్లాసు తియ్యలేదు.

మే 1

అబ్బా సీరియల్ చూడటం మానేశాడు.

మే 4

మార్కెట్లో సారవ్వత్త కనిపించింది. పక్క గల్లీలోనే ఉంటుంది. ఆమె భర్త రాయమల్లు అబ్బాతో పాటే ఒకే బాయిలో పనిచేసి ప్రమాదంలో పోయాడు, నాకు పదేళ్లప్పుడు. ఆ తర్వాత ఆమె దవాఖానలో ఆయాగా చేసి మొన్ననే రిటైరయింది.

“మీ నాయిన మంచిగున్నడా బిడ్డా? దగ్గు తగ్గిందా?” అంది. ఎప్పుడు కనిపించినా అదే అడుగుతుంది.

ఇంటికొచ్చి చెప్పాను. అబ్బా ఉర్దూ పేపర్ మడత పెట్టి “ఊఁ” అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే. అమ్మీ ఉన్నప్పుడు పండగకు సేమ్యాలు సారవ్వత్తకు పంపేది, తీసుకెళ్లేది నేను. అబ్బా ఆ గల్లీలో నుంచి నడవడు. పెట్రోల్ బంకు వైపు తిరిగి వస్తాడు. చిన్నప్పుడు అది దగ్గరి దారి అనుకునేదాన్ని.

మే 6

ముప్పై ఒకటో భాగం దగ్గర ఆగిపోయాను. అబ్బాని అడిగాను. మంటలొస్తే తలుపెలా మూస్తారు, ఎంతసేపు పడుతుంది, అంతే. నవలకు కావలసిన వివరాలు. ఇంకేమీ అడగలేదు.

“మా కాడ తలుపులు లేవు. గోడ కడ్తం” అన్నాడు. అబ్బా రెస్క్యూ టీంలో చేశాడు, వీపున గాలి సిలిండర్ వేసుకుని దిగేవాళ్లు. “ఇటుకలు, ఇసుక బస్తాలు. గాలి బందయితే మంట సస్తది.”

“లోపల మనుషులుంటే?”

“ఉండరు. అందర్ని తీసినంకనే కడ్తం.”

దగ్గు వచ్చింది. అలా చాలాసేపు దగ్గాడు.

మే 8

అంతా రాసుకోవాలి. మాట తప్పకుండా రాసుకోవాలి.

పొద్దున చాయ్ తాగుతున్నాం. నేనేమీ అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు.

“రాయమల్లు పంపు ఖలాసీ, బాయిల ఊరే నీళ్లు తోడెటోడు. అందరికన్న లోపట, ఆఖరి పంపుకాడ ఒక్కడే ఉంటుండె. రెండువేల రెండుల, ఆగస్టు నెల. తవ్వి ఇడిసిన పాత జాగల బొగ్గు దానంతటదే రాజుకున్నది. పొగ తిరిగింది. షిఫ్టోళ్లందరు బయటికొచ్చిండ్రు, రాయమల్లు రాలే. మేం తొమ్మిదిమందిమి దిగినం. రెండుసార్లు పోయినం, రెండుసార్లు వాపస్ వచ్చినం. చెయ్యి చాపితే చెయ్యి కనవడది. గ్యాస్ పెరుగుతున్నది. గోడ కట్టుండ్రి, లేకుంటే మొత్తం బాయి పేల్తదని పైకెల్లి హుకుం వచ్చింది. ఇంత సేపటికి రాయమల్లు బతికుండడు అన్నరు. నేను గూడ గట్లనే అనుకున్న.”

కప్పు కింద పెట్టాడు.

“గోడ నడుముదాక వచ్చింది. నేను పైపు పక్కన కూసోని ఇటుకలు అందిస్తున్న. రాయమల్లు పంపు నుంచి నీళ్లొచ్చే పైపే. ఆసరకని దాని మీద చెయ్యి వెట్టిన. అదురుతున్నది. మూడు దెబ్బలు. ఆగుతది. మల్ల మూడు.”

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

“పంపు బందయి అప్పటికి రెండు గంటలాయె. పంపు అదురు గాదు అది. ఆయనే కొడ్తున్నడు.”

“మిగతావాళ్లు వినలేదా?”

“అందరి మొఖాలకు మాస్కులు. ఎవల ఊపిరి వాళ్లకే పెద్దగ వినొస్తది. పైపు మీద చెయ్యి నాదొక్కనిదే. ఆఫీసర్ నన్నే చూస్తున్నడు. ‘దస్తగిర్, పైపుల ఏమన్న తెలుస్తున్నదా?’ అన్నడు.”

“నువ్వేమన్నావ్?”

“లేదు సార్ అన్న.”

బయట కూరగాయల బండివాడు అరుస్తూ వెళ్లాడు. ఆ అరుపు గల్లీ చివరిదాకా పోయింది.

“గోడ అయిపోయినంక గంటకు లోపట పేలింది. మేం పోయింటే పదిమందిమి పోదుము. ఎవ్వరైన గదే అంటరు. నేను గూడ ఇరవై మూడేండ్ల సంది నాకు నేను గదే చెప్పుకుంటున్న. గాని నేను లేదన్నప్పుడు, పేల్తదని నాకు ఖాయంగ తెల్వది గదా.”

“అప్పుడేమనుకున్నావ్ అబ్బా? మీ తొమ్మిది మందినీ కాపాడాలనా?”

చాలాసేపు ఆలోచించాడు. అబద్ధమైనా చెప్తాడని చూశాను.

“ఏం అనుకోలే బేటా. నోరు అన్నది.”

నాలుగు నెలల తర్వాత గోడ తెరిచినప్పుడు మళ్లీ దిగిన వాళ్లలో అబ్బా ఉన్నాడు. రాయమల్లు పంపు దగ్గర లేడు. పైపు పట్టుకుని సగం దూరం వచ్చి, అక్కడ దొరికాడు. చేతి కింద పెద్ద స్పానర్. సారవ్వత్తకు చెప్పింది వేరే. పొగ పీల్చిన నిమిషంలోనే పోయాడని, నిద్రలో పోయినట్టే పోయాడని.

మే 9

వంట చేశాను. తిన్నాం. 

మే 13

నిన్న ఒక్క బిగిన ముప్పై ఒకటో భాగం రాశాను. ఇంతవరకు రాసిన వాటన్నిటికంటే ఇదే బాగా వచ్చింది. ఇందులో రేడియో చెడిపోయింది. మిత్రన్ నవ్వడు, ఆజ్ఞలివ్వడు. నీళ్ల గొట్టం మీద కొడతాడు. గొట్టం మీద చెయ్యి ఇరావతిది. “ఏమైనా తెలుస్తోందా కెప్టెన్?” అని అడుగుతారు. “లేదు” అంటుంది. తలుపు మూసి ఏడుస్తుంది.

ఇది వట్టి నవల. జరిగేది వేరే గ్రహం మీద. మనిషి ఆడది, దెబ్బలు మూడు కాదు అయిదు చేశాను. ఎవరికీ తెలిసే వీలు లేదు. అబ్బాకి చెప్పాల్సిన అవసరం కూడా కనిపించలేదు. ఇవాళ పొద్దున జగదీశ్వర్ గారికి పంపేశాను.

మే 14

ఎవరికీ తెలిసే వీలు లేదు.

మే 19

జగదీశ్వర్ గారు మాట్లాడారు. ముందు చాలా మెచ్చుకున్నారు. చదివి బయటికి వెళ్లి కాసేపు తిరిగొచ్చానన్నారు. తర్వాత అసలు సంగతి చెప్పారు.

“ఇది ఛానెల్ ఒప్పుకోదు మేడమ్. ఇరావతి రెండో సీజన్లో కూడా ఉంది. ఆమె అబద్ధం చెప్పిందని నవలలో ఉంటే ఎలా? తలుపు మూయమని మిత్రనే అన్నాడు. లక్షల మంది విన్నారు. మనం విననట్టు రాయలేం కదా.”

“కానీ అలా ఎవరూ చెప్పరు సార్” అన్నాను. నా గొంతు నాకే వేరుగా వినిపించింది.

“మీరు ఎక్కడో విన్నదే రాశారు, అవునా?” అన్నారు. “ఒక పని చేయండి. నవలకు స్క్రిప్టులో ఉన్నట్టే రాయండి. దీన్ని పేర్లు తీసేసి, గనిలోనే పెట్టి విడిగా కథగా ఇవ్వండి. వచ్చే నెల మా పత్రికలో నేనే వేస్తాను. మీ పేరు నిలబడిపోతుంది.”

ఫోన్ పెట్టాక అద్దంలో చూసుకుంటే నా ముఖంలో సంతోషం ఉంది. సిగ్గుగా ఉంది రాయడానికి, అయినా ఉంది.

మే 21

ఒప్పుకుంటానని మెసేజ్ టైప్ చేసి రెండు రోజులు. పంపలేదు. అబ్బా తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, పత్రిక చదవడు. సారవ్వత్తకు చదువు రాదు. కాబట్టి ఇబ్బందేమీ లేదు అనుకున్నాను. అలా అనుకున్న తర్వాతే నా మీద నాకు భయమేసింది.

మే 22

మధ్యాహ్నం అన్నం తిన్నాక “నీకొకటి చదివి వినిపిస్తాను” అన్నాను. అబ్బా నవార్ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మొదటి పేజీ అయ్యేసరికి ఆయనకు తెలిసిపోయింది. ఆపమంటాడేమోనని మధ్యలో తల ఎత్తాను. “చదువు” అన్నాడు. చివరిదాకా చదివాను.

“మూడు దెబ్బలే. అయిదు రాసినవ్.”

“మార్చాను అబ్బా.”

“నీ ఇరావతి ఏడ్చింది.” ఆయన కళ్లు నా మీద లేవు, కిటికీ మీద ఉన్నాయి. “నేను ఏడ్వలే. పైకొచ్చి తానం చేసిన. మీ అమ్మీ బువ్వ వెట్టింది, తిన్న. మల్ల వెయ్యిమన్న. గది రాయలే నువ్వు.”

ఆ సంగతి నాకు తెలియదు కదా.

“ఎవలకన్న చూపిచ్చినవా?”

“పంపాను. హైదరాబాద్‌కి.”

కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. చొక్కా గుండీలు ఒక్కొక్కటీ సర్దుకున్నాడు. “ఆయనేమన్నడు?”

నవలలో వద్దన్నారని, విడిగా కథగా వేస్తామన్నారని చెప్పాను.

“టీవీల కథ వాళ్లది. వాళ్లు ఎట్లంటే అట్ల రాసియ్యి. గిది నీది గాదు. నాది గూడ గాదు. ఊరోళ్లందరు చదివినంక సారవ్వకు తెల్వాల్నా? ఎవలి మొగడు బేటా?”

మంచం దిగుతూ, “ఐతారం నాతోని రా. ఒక్కన్ని పోలేను” అన్నాడు.

మే 25

ఆదివారం. ఎండెక్కకముందే బయల్దేరాం. అబ్బా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నాకు గుర్తున్నంతలో మొదటిసారి ఆయనతో ఆ గల్లీలో నడిచాను. దారిలో రెండుసార్లు ఆగాడు, దగ్గు కోసమే అన్నాడు.

సారవ్వత్త వసారాలో పచ్చడికి మామిడి ముక్కలు బట్టతో తుడుస్తోంది. అబ్బాని చూసి లేవబోయింది.

“అయ్యో దస్తగిరన్నా! నా ఇంటికా? రా రా, బిడ్డా కుర్చెయ్యి.”

“కూసోను చెల్లె. నిలవడే చెప్త. నువ్వు జర కూసో.”

చెప్పాడు. నాకు చెప్పిన దాంట్లో సగం మాటలు కూడా వాడలేదు. పంపు, పైపు, మూడు దెబ్బలు, ఆఫీసర్ అడగడం, తను లేదనడం. గోడ తెరిచినప్పుడు ఎక్కడ దొరికిందీ, చేతి కింద ఏముందీ. పేలింది మాత్రం చెప్పలేదు. నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

సారవ్వత్త ముక్కలు తుడుస్తూనే ఉంది. ఒక్కొక్క ముక్కనూ నాలుగు వైపులా తుడిచి పళ్లెంలో వేసింది. చాలాసేపటికి అంది:

“ఎంతసేపు కొట్టిండు?”

“గోడ అయిపోయేదాక. ఇరవై నిమిషాలుండొచ్చు. గోడ అయినంక చెయ్యి తీసేసిన. అటెన్క తెల్వది.”

“ఏ చెయ్యి?”

అబ్బా కుడిచెయ్యి కొంచెం ముందుకు చాపాడు. ఆమె ఆ చేతిని చూసింది. అలా ఎవరైనా ఒక మనిషి చేతిని చూడటం నేను ఎన్నడూ చూడలేదు. ఆయన చెయ్యి దించలేదు.

“ఆఫీసర్ సార్ ఇంటికొచ్చి చెప్పిండు నాకు” అంది. “అమ్మా, నొప్పి తెల్వలే, నిద్రల పోయినట్టు పోయిండు అని. నేను గదొక్కటే పట్టుకోని ఉన్న అన్నా. ఇన్నేండ్లు. నాకు నిద్ర రాకుంటే, ఆయన నిద్రల పోయిండు గదా అనుకుంట.”

అబ్బా ఏదో అనబోయాడు.

“పోండ్రి” అంది. అరవలేదు. “పోండ్రి మీరు.”

మేం గేటు దాటేసరికి వెనక పళ్లెం కింద పడిన చప్పుడైంది. అబ్బా ఆగాడు. తిరగలేదు.

మే 26

ఆమె దగ్గరున్న ఒక్కటీ తీసేసుకున్నాం. నిజం చెప్పడం మంచిదని బడిలో పిల్లలకు నేనే చెప్తాను. ఎవరికి మంచిది?

మే 27

అబ్బా తినలేదు.

మే 30

జగదీశ్వర్ గారికి ఫోన్ చేసి ఆ కథ వద్దని చెప్పాను. “నాది కాదు సార్” అంటే ఆయనకు అర్థం కాలేదు. కానీ మంచి మనిషి. తన దగ్గరున్నది తీసేస్తానన్నారు.

తర్వాత కూర్చుని స్క్రిప్టులో ఉన్నట్టే ముప్పై ఒకటో భాగం రాశాను. మిత్రన్ నవ్వాడు. తలుపు మూసెయ్యండి కెప్టెన్ అన్నాడు. వెక్కిరిస్తూ రాద్దామనుకున్నాను, చేతకాలేదు. ఆ వాక్యం దగ్గరకొచ్చేసరికి జనం అది ఎందుకు వినాలనుకుంటారో తెలిసింది. సారవ్వత్తకు ఆ సార్ వచ్చి చెప్పిందీ, ఇదీ ఒకే వాక్యం. అందుకే బుద్ధిగా, బాగా రాశాను.

జూన్ 3

నలభై భాగాలూ పూర్తి. పంపాను. సంతోషం లేదు, బాధా లేదు.

సారవ్వత్త కనిపించడం లేదు. తలుపు వేసే ఉంటోందని పాలాయన అన్నాడు.

జూన్ 7

బక్రీద్. నమాజు నుంచి వచ్చి అబ్బా అడిగాడు, సారవ్వకు ఏమన్నా పంపుదామా అని. నేనే తీసుకెళ్లాను, సేమ్యాలు. తలుపు తీసింది. గిన్నె చూసింది, నన్ను చూసింది. తీసుకోలేదు. నన్ను తిట్టనూ లేదు. తలుపు మెల్లగా వేసింది.

అబ్బాకి ఇంట్లో లేదని చెప్పాను. ఆయన నమ్మినట్టే ఊరుకున్నాడు.

జూన్ 15

పొద్దున వాన పడింది. పదింటికి తెరిపిచ్చింది. అబ్బా వసారాలో కూర్చుని ఉన్నాడు. నేను బడి పిల్లల కాపీలు దిద్దుతున్నాను. గేటు చప్పుడైతే తల ఎత్తాను. సారవ్వత్త. తడిసిన చెప్పులు మెట్టు కింద విడిచి లోపలికొచ్చింది. అబ్బా లేవబోయాడు.

“కూసో” అంది. తను కూడా ఎదురుగా గచ్చు మీద కూర్చుంది. కుర్చీ జరిపితే వద్దంది.

“నేను మాఫ్ చెయ్యలే” అంది. “చెయ్య గూడ. గందుకు రాలే నేను.”

“అడుగుత లేను చెల్లె.”

“పేలిందట గదా. నర్సింగం చెప్పిండు, మీ టీంల ఉండె గదా ఆయన. గోడ అయినంక గంటకు పేలిందట. నువ్వెందుకు చెప్పలే నాకు?”

“చెప్తే నన్ను నేను విడిపిచ్చుకున్నట్టు అయితది” అన్నాడు అబ్బా.

ఆమె తల ఊపింది. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. కొంగుతో పాదాల తడి తుడుచుకుంది. నేను చాయ్ పెట్టడానికి లేచాను కానీ వంటింటి గడప దగ్గరే ఆగిపోయాను.

“ఇరవై రోజులాయె, కండ్లు మూస్తే గా సప్పుడే” అంది. “ఆయన్ని తలుసుకుందమంటే గదొక్కటే వస్తున్నది. వేరేది ఏమన్న తెచ్చుకుందమంటే నా కాడ లేదు అన్నా. ఏం చూసిన నేను? డ్యూటీకి పోతుండె, వచ్చి తిని పంటుండె. పదకొండేండ్ల కాపురంల ఆయన నాతోని మాట్లాడింది తక్కువ. నువ్వు గన్నేండ్లు ఆయనతోని దిగినవ్. ఆయన లోపట ఎట్లుంటుండె? నాకు చెప్పు. నువ్వే చెప్పాలె.”

అబ్బా గొంతు సవరించుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు చేతులు మోకాళ్ల మీద రుద్దుకున్నాడు.

“పాటల రాయమల్లు అంటుంటిమి” అన్నాడు.

“ఎవల్ని?”

“ఆయన్నే. పంపు సప్పుడుకు ఎవ్వరికి వినవడదనుకోని గట్టిగ పాడుతుండె. గాని సొరంగంల మాకు అందరికి వినొస్తుండె. బొగ్గు టబ్బులు నూకెటోళ్లు ఆగి వింటుండ్రి. మేం విన్నమని చెప్తే మానేస్తడని ఎవ్వరం చెప్పకపోతుంటిమి.”

“ఇంట్ల ఒక్కనాడు పాడలే” అంది సారవ్వత్త. “ఒక్కనాడు నోరు తెరువలే.”

“సిగ్గు ఆయనకు.”

“ఏం పాట?”

అబ్బా కళ్లు మూసుకున్నాడు. నాట్లప్పుడు ఆడోళ్లు పాడే పాటట, రాయమల్లు అమ్మ పాడేదట. ఆయనకు ఒక్క చరణమే గుర్తుంది. నా అబ్బా పాడటం నేనెప్పుడూ వినలేదు. దగ్గుతో తెగిపోయే గొంతుతో, రాగం ఉందో లేదో తెలియకుండా ఆ ఒక్క చరణం పాడాడు. మధ్యలో మాట తప్పితే ఆగి, సరిచేసుకుని మళ్లీ మొదటినుంచి పాడాడు.

సారవ్వత్త నేలకేసి చూస్తూ వింది.

“ఇంకోసారి చెప్పు” అంది.